గురుడికి ఎదురుపడని రాళ్లు

ఏలూరు,
మంగళవారం.

జాయ్సీ అక్కకు వందనాలు.

ఐదేళ్ల తర్వాత రాస్తున్నాను, చింపెయ్యకుండా చదువు.

మొన్న కాలేజీలో పిల్లలకు హిల్డాలనే గ్రహశకలాల గురించి చెప్పాను. గురుగ్రహం సూర్యుడి చుట్టూ రెండుసార్లు తిరిగేలోగా అవి మూడుసార్లు తిరుగుతాయి. వాటి దారి కోలగా ఉంటుంది కాబట్టి ఒక కొసన గురుడి దారికి బాగా దగ్గరగా వెళ్తాయి. కానీ అక్కడికి చేరిన ప్రతిసారీ గురుడు ఇంకెక్కడో ఉంటాడు.

"అదృష్టమా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. కాదు, ఆ లెక్క తప్పకుండా చూసేది గురుడి ఆకర్షణే అన్నాను. అన్నాక నువ్వు గుర్తొచ్చావు.

నాన్న సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలా అని మనం పోట్లాడుకున్నాం. ఆ రాయి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఏటా ఈస్టర్ ముందు శనివారం నువ్వు గూడెంలో మీ ఇంటి నుంచి భీమడోలు వచ్చి సమాధికి సున్నం వేసి వెళ్తావు. మర్నాడు తెల్లవారుజామున నేను కొవ్వొత్తులతో వెళ్లేసరికి సున్నం వాసన మాత్రం ఉంటుంది. అది అనుకోకుండా జరిగేది కాదక్కా. నువ్వెప్పుడొస్తావో సమాధుల తోట కాపలా కృపావరం గారికి ఫోన్ చేసి ముందే కనుక్కుంటాను.

నిన్నా చేశాను. ఆయన "మీ అక్కగారు కూడా ఏటా ఇదే అడుగుతారండీ, చెల్లెప్పుడొస్తుందని" అన్నారు.

వాక్యం విషయంలో నేను తగ్గుతానని అనుకోకు. అక్కడే తేల్చుకుందాం. నేనెప్పుడొస్తానో ఈసారి ఆయన్ని అడగనక్కర్లేదు. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి. కుంచెలు రెండు తెస్తాను.

నీ చెల్లి