గుట్టకు కప్పిన చాపలు

అన్నయ్యకి,

నువ్వు పంపిన పాత ఇంజనాయిలు డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి పంపిస్తున్నాను, కోప్పడకు. అది చల్లితే గుట్ట మీది దుమ్ము అణిగేదేమో గానీ, వానకి కారి మా బావిలోకే దిగేది. ఇక ఆ నీళ్లతో దుప్పట్లు ఉతికితే మా లాండ్రీకి తాళం వేసుకోవలసిందే.

రోడ్డు కోసం ఇంటి వెనక గుట్ట తవ్వినప్పటి నుంచి మా అవస్థ నీకు తెలుసుగా. ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి ఇటుకరంగుకి తిరిగేది. అమ్మకి ఒకటే దగ్గు. అందుకే వాలు మీద విత్తనాలు చల్లి, పైన కొబ్బరిపీచు చాపలు పరిచాం. "గుట్టకి చలేస్తోందా?" అని వీధంతా నవ్వింది. ఫోన్లో నువ్వూ నవ్వావు, నాకు వినపడింది.

గడ్డి విత్తనాలు చల్లమంటే మీ బావగారు కళ్లజోడు లేకుండా వెళ్లి వంటింటి ఆవాల సంచి మొత్తం చల్లేసి వచ్చారు! నాకు ఒళ్లు మండిపోయింది. తీరా చూస్తే ఆ మొక్కలే మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. నిన్నటి పెద్దవానకి కూడా గుట్ట మీంచి నీళ్లు తేటగా దిగాయి. ఇప్పుడు వాలంతా పసుపు పూలే. నవ్వినవాళ్లే వచ్చి ఫొటోలు దిగుతున్నారు.

అమ్మ ఇన్నాళ్లకు మంచం పక్క కిటికీ తెరిపించింది. ఇవాళ మళ్లీ వాన. జల్లు కొట్టి ఈ అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నేను ఏడ్చానని కంగారుపడకు. కిటికీ మూస్తానమ్మా, తడిసిపోతావంటే వినదే!

"తడిస్తే నన్నూ ఆరేద్దువుగానిలేవే, మూయకు!" అంటోంది.

నీ చెల్లెలు