నడపని కారుకు నేనిచ్చిన తీర్పు

ఆదివారం, కటవారియా సరాయ్

యారిస్‌కీ కొరొల్లాకీ మధ్య తీర్పు చెప్పిన మహానుభావుణ్ణి నేనే. ఒకే కంపెనీ రేసు రకం కార్లు, రెండింటిలోనూ ఒకే టర్బో ఇంజను; యారిస్‌కు మాత్రం ముందు రెండే తలుపులు. "యారిస్ తేలిక, మలుపుల్లో చెప్పినట్టు వింటుంది. కొరొల్లా వెనక తలుపులు దండగ బరువు" అని ఒక వెబ్‌సైటుకి రాసి పడేశాను. సివిల్స్ మూడోసారి పోయాక నన్ను బతికిస్తున్నవి ఈ రాతలే.

అది చదివి వసంత్ కుంజ్‌లో ఒక తెలుగు డాక్టరుగారు నిజంగానే విదేశం నుంచి యారిస్ తెప్పించుకున్నారు. ఇవాళ ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, తాళం నా చేతిలో పెట్టారు.

"క్లచ్ సంగతి భలే రాశావయ్యా. ఓ రౌండు నడుపు, పక్కన కూర్చుని నేర్చుకుంటాను."

నాకు కారు నడపడమే రాదు. రాసిందంతా వీడియోలు చూసి రాసిందే.

"కాలు బెణికింది సార్," అన్నాను.

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని ఆయనే నడిపారు. తలుపు లేని వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న వాళ్ళమ్మాయి, "డాడీ, కొరొల్లా క్యోఁ నహీఁ లీ?" అని, అదెందుకు కొనలేదని హిందీలో విసుక్కుంది.

"అన్నయ్య వద్దని రాశాడమ్మా. కార్ల సంగతి తెలిసినవాడు," అన్నారాయన.

వెక్కిరించి ఉంటే నాకూ కోపం వచ్చేది, కాస్త తేలికపడేవాణ్ణి. ఆయన మనస్ఫూర్తిగా అన్నారు.

దిగాక గేటు దాకా కుంటుతూ నడిచాను. గేటు దాటాను, సందు మలుపు తిరిగాను, ఆయనకు కనబడనంత దూరం వచ్చేశాను. అయినా కుంటడం మానలేకపోయాను.