రెండు సుద్దగీతలు

ఏమండీ,

అత్తయ్య, చంటిది, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. మీ ఓడ ఇప్పుడు ఏ నీళ్ళ మీద ఉందో, ఈ ఉత్తరం ఏ రేవులో అందుతుందో తెలియదు. మీరూ క్షేమమనే అనుకుని రాస్తున్నాను.

చంటిదానికి ముందుపన్ను ఊడింది. అద్దం ముందునుంచి కదలడం లేదు. అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నేనన్నానని చెప్పకండి.

ఫోటోలో మెడ వాల్చి ఆ పోజేమిటని అడిగారు. పోజు కాదండీ. కటింగ్ చేసేవాళ్ళ మెడ అంతేలే అని కుట్టుషాపులో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తల నిటారుగా పెడితే గుడ్డ మీద సుద్దగీత రెండయ్యేది, ఒకటి పైన, ఒకటి కింద. పక్కకి వాలిస్తే రెండూ మెల్లగా జారి కలిసిపోయేవి. మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టు కిందా ఇంకో మెట్టు తేలుతూ కనబడేది. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉండేది. వాన వెలిసిన సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుంటే వీధిలో ఒక్కో దీపానికి ఇంకో దీపం తోడుండేది. ఎవరి కలలోనో కూర్చున్నట్టు అలాగే చూస్తుండిపోయేదాన్ని.

చలికాలంలో ఒకరోజు ఆ కలలోనే కత్తెర నడిపాను. హెడ్మాస్టరుగారి కోటు చెయ్యి దొంగగీత మీద తెగింది. చెయ్యి తిరిగిన మనిషివి, ఇదేమిటని ఓనరమ్మ కోప్పడలేదు. నేరుగా కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడినుంచి స్కానింగుకి పంపారు.

ఇన్ని ఉత్తరాల్లో దాటేస్తూ వచ్చింది ఇదే. కంటిని కదిలించే సన్నని నరం మీద చిన్న గడ్డ ఉందట. అప్పట్లో కొన్నాళ్ళు చూద్దాంలే అన్న డాక్టరు, మొన్న రెండో స్కాను చూసి, “క్యాన్సర్‌లా లేదమ్మా. కానీ పెరిగింది, తీసెయ్యాలి. తీశాక కూడా రెండుగానే కనబడొచ్చు,” అన్నారు. దానికి వేరే కళ్ళద్దాలున్నాయట. వాటితో గీత ఒకటవుతుందో లేదో ముందే చెప్పలేమన్నారు. కత్తెర పట్టకుండా నేనెలా ఉంటానో నాకు తెలియడం లేదు.

నడిసముద్రంలో ఉన్న మనిషికి చెప్పి ఏం లాభమని దాచాను. “మొగుడి దగ్గర దాచేది ధైర్యం కాదే, ఉత్తరం రాయి,” అని అత్తయ్యే కాగితం తెచ్చి ముందు పెట్టింది.

వచ్చే నెలలో ఆపరేషన్. నాకు చాలా భయంగా ఉందండీ. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మీరు ఎదురుగా ఉండాలి. ఒక్కరితోనే వేగలేకపోతున్నాను, ఇద్దరు కనబడితే నా గతేం కావాలో. అయినా సరే, ఇద్దరితోనూ సర్దుకుంటాను. పెళ్ళైనప్పటినుంచి ప్రతి ఉత్తరంలోనూ కంగారుపడి రావద్దనే రాశాను. ఈసారి రండి.

ఇట్లు,
ఎదురుచూస్తున్నానని మొదటిసారి ఒప్పుకుంటున్న
మీ ఇంటావిడ