అది బూటు కాదు, మూత్రపిండం

సైన్సు టీచరు గారికి,

నమస్కారం. మొదటి విడత సైన్సు బొమ్మల పోటీలో మీ ముగ్గురు పిల్లల జట్టు అందరికంటే ముందు నిలిచినందుకు అభినందనలు. అదే కారణంగా ఆ జట్టును తుది పోటీ నుంచి తప్పిస్తున్నామని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

నియమం మీకు తెలిసినదే. చీటీలో వచ్చిన సైన్సు మాటను ఒకరు బొమ్మ గీయాలి, మిగిలిన ఇద్దరూ చూసి ఆ మాట చెప్పాలి. అక్షరాలు, అంకెలు, సైగలు, రహస్య సంకేతాలు నిషేధం. మీ జట్టులో గీసే అమ్మాయి ఒక బూటు గీసింది. ఎదురుగా కూర్చున్న అబ్బాయి తడుముకోకుండా "మూత్రపిండం" అన్నాడు. అదే సరైన జవాబు కావడం మా అనుమానాన్ని బలపరిచింది. బూటుకూ మూత్రపిండానికీ గల సంబంధం న్యాయనిర్ణేతలకు అంతుపట్టలేదు. కనుక ఇది సంకేతమేనని తేల్చాము.

అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలుపగలరు.

ఇట్లు,
కార్యదర్శి, పోటీల కార్యాలయం

తా.క. అదే అమ్మాయి గీసిన సూర్యుడు కోడిగుడ్డులా ఉన్నాడని కూడా నమోదైంది. దానిమీద ప్రస్తుతానికి చర్య లేదు.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదుగాని, పిల్లలు పక్కనే నిలబడి చూస్తున్నారు కాబట్టి పెడుతున్నాను.

అది బూటు కాదు, మూత్రపిండం. నేను బోర్డు మీద ఎప్పుడు గీసినా అది అలాగే వస్తుంది. గుండె గీస్తే మూటలా వస్తుంది. కప్ప గీస్తే ఏం వస్తుందో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. నా బొమ్మలు అర్థం చేసుకున్న పిల్లలు లోకంలో దేన్నయినా అర్థం చేసుకుంటారు.

సాయంత్రం బడి వదిలాక ల్యాబులో, కుంటి స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రాల వెనక గీయించి నేర్పాను వాళ్ళకి. అందంగా గీయొద్దన్నాను. వస్తువును కాదు, అది చేసే పనిని గీయమన్నాను. ఎదుటివాళ్ళు తెల్లమొహం వేస్తే అదే బొమ్మకు మెరుగులు దిద్దకుండా, పక్కన కొత్తది మొదలుపెట్టమన్నాను. గీసే అమ్మాయిని పిచ్చుక అంటాం. చూసేవాళ్ళలో ఒకడు రేడియో, గంట కొట్టేదాకా నోరు మూయకుండా తోచినవన్నీ చెబుతూనే ఉంటాడు. రెండోవాడు పొడుగు. వాడు నోరు తెరిచాడంటే జవాబు అదే. మీవాళ్ళను హడలగొట్టింది వాడే.

గడిచిన రెండేళ్ళూ మొదటి విడతలోనే తిరిగొచ్చాం. వరండాలో పిచ్చుక గీసిన బొమ్మలు చూసి పక్క బళ్ళవాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. వచ్చే ఏడు ఈ ముగ్గురూ మూడు వేరే బళ్ళకు వెళ్ళిపోతారు. కలిసి ఆడే ఆఖరి ఆట ఇదే. దాన్ని మీరు ఒక్క కాగితంతో ఊడ్చేస్తానంటే నేను ఊరుకునే మనిషిని కాను.

ఇట్లు,
ముక్కు మీద కోపం ఉన్న సైన్సు టీచరు

తా.క. మీవాళ్ళు లేసు అనుకున్నది మూత్రనాళం.

*

టీచరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం ఇతర ఫైళ్ళ కింద పడినందున జవాబు ఆలస్యమైంది. దాన్ని వెతుకుతుండగా నెల్లాళ్ళుగా కనిపించని నా కళ్ళజోడు దొరికింది. అందుకు కృతజ్ఞతలు.

ఇక విషయానికి వస్తే, మీ బోర్డు మీద బూటు అంటే మూత్రపిండం అని మీరే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. దీన్నే సంకేతం అంటారు. గుండెకు మూట అన్నది రెండో సంకేతం. కాబట్టి మీ జట్టు వాడుతున్న సంకేతాల పుస్తకాన్ని వెంటనే సమర్పించండి. సమర్పించకపోతే దాచిపెట్టారని భావిస్తాము. పుస్తకమే లేదంటే, ఎక్కువ జాగ్రత్తగా దాచిపెట్టారని భావిస్తాము.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. మా ఫైళ్ళ గురించి తప్పుగా అనుకోవద్దు. ఇక్కడ పద్ధతి ఉంది. కొత్త కాగితం వస్తే పైన పెడతాం, కింద ఉన్నవాటిని కదపం. ఏటికేడు దొంతర పెరుగుతూ వస్తోంది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదివి అన్నిటికంటే అడుగున, బరువుకు బాగా అణిగి, ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం, ఈసారి కూడా పిల్లల కోసమే.

మీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. పుస్తకం సంగతి విని రేడియో ఒంటికాలి మీద లేచాడు. పొడుగు మాత్రం ఫైళ్ళ గురించి రాసిన ముక్క మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. పిచ్చుక ఇంకోసారి చదవమంది. మీరు ఎలా ఉంటారని అడిగారు. నాకేం తెలుసు, కళ్ళజోడు ఉంటుందని చెప్పాను. అప్పటినుంచీ మిమ్మల్ని ఫైళ్ళ తాతయ్య అంటున్నారు.

లేని పుస్తకం నేనెక్కడినుంచి తేను? పిచ్చుక చేత ఒక బొమ్మ గీయించి పంపుతున్నాను. సంకేతాలు తెలియని మీరే చూసి చెప్పండి. చెప్పగలిగితే అది సంకేతం కాదని మీరే ఒప్పుకోవాలి. తోక ముడుచుకుని ఇంట్లో కూర్చునే రకం కాదు మేము. పోటీ రోజున మీరు తలుపు తీసినా తీయకపోయినా ముగ్గురినీ వెంటబెట్టుకుని గుమ్మం ముందు నిలబడతాను.

ఇట్లు,
సైన్సు టీచరు

తా.క. మాట సులువైనదే. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ నా ఒంటి మీద అదే పనిచేస్తోంది.

*

టీచరు గారికి,

మీ బెదిరింపు చేరింది.

బొమ్మలో ఒక కట్టడం, దాని నడినెత్తిన రంధ్రం, అందులోంచి పైకి ఎగజిమ్ముతున్న నిప్పురవ్వలు స్పష్టంగా ఉన్నాయి. పైగా "గుమ్మం ముందు నిలబడతాను" అని రాశారు. రాస్తున్నంతసేపూ ఒంటి మీద అదే పనిచేస్తోందన్నారు. మా కార్యాలయానికి నిప్పు పెట్టాలన్న మీ ఉద్దేశం మాకు అర్థమైంది. వాచ్‌మన్ గుమ్మం దగ్గర ఇసుక బకెట్లు పెట్టాడు. టైపిస్టు సెలవు అడిగింది. నేను ఫైళ్ళ దొంతర పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాను.

అయినా న్యాయం తప్పకూడదు కనుక ఆఖరి అవకాశం ఇస్తున్నాము. మాట చెప్పకుండా ఇంకొక బొమ్మ పంపండి. కమిటీలో ముగ్గురం ఉన్నాం: లెక్కల మేడమ్, డాక్టరు గారు, నేను. ఎవరి చీటీ మీద వాళ్ళం జవాబు రాస్తాం. కమిటీ కూర్చున్న రోజు కార్యాలయం మూసేలోగా మూడు చీటీల మీదా ఒకే మాట, అదీ సరైన మాట ఉంటే జట్టు తుది పోటీలో ఆడుతుంది. ఒక్క చీటీ తప్పినా ఈ ఫైలు శాశ్వతంగా మూసేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. నిప్పురవ్వలు చాలా పెద్దవిగా ఉన్నాయి. పిల్ల చేత ఇలాంటివి గీయించడం బాగాలేదు.

*

కార్యదర్శి గారికి,

అవి నిప్పురవ్వలు కావు, చెమట బొట్లు. అది కట్టడం కాదు, మనిషి చర్మం. మాట స్వేదగ్రంథి. మీకు ఉత్తరాలు రాస్తుంటే ఎవరికైనా పట్టేది చెమటే.

మీ పందానికి ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోక చేసేదేముంది, పెత్తనం మీ చేతిలో ఉంది. కానీ ఒక్క మాట. మీరు తప్పు చెబితే అది మా పిల్లల తప్పని మాత్రం నేను వాళ్ళతో చెప్పను. మీ ఉత్తరం చదివాక పిచ్చుక పెన్సిలు పట్టనని ఏడ్చింది. తన బొమ్మ చూసి నవ్వారంటే ఓర్చుకుంది గాని, భయపడ్డారంటే ఓర్చుకోలేకపోయింది. పొడుగు వెళ్ళి దాని చెవిలో ఏదో చెప్పాడు. కళ్ళు తుడుచుకుని గీయడానికి కూర్చుంది.

మాట వాళ్ళే ఎంచుకున్నారు. నన్ను చూడనివ్వలేదు. కవరు వాళ్ళే అంటించారు. మాట ఇంకో చిన్న కవర్లో ఉంది, చీటీలు రాశాకే విప్పండి.

ఇట్లు,
సైన్సు టీచరు

తా.క. కవరు అంటిస్తూ ముగ్గురూ తెగ నవ్వుకున్నారు. ముందే చెబుతున్నాను, నాకేమీ తెలియదు.

*

టీచరు గారికి,

నమస్కారం.

నిన్న కమిటీ కూర్చుంది. కాగితం సగం విప్పగానే లెక్కల మేడమ్ ఏదో రాసి చీటీ మడిచేశారు. డాక్టరు గారు రాసి, నా వైపు ఒకసారి చూసి, దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు.

నేను చాలాసేపు చూశాను. అడ్డంగా దొంతర్లు, ఒకదాని మీద ఒకటి. అడుగున ఒక చేప ముల్లు. ముల్లు చివర రెండు సున్నాలు. అంకెలు నిషేధం కదా అని అభ్యంతరం చెప్పాను. అవి అంకెలు కావని మేడమ్ తల దించుకుని చెప్పారు. నేను "పరుపుల దుకాణం" అని రాశాను.

డాక్టరు గారు తిరిగొచ్చాక వాళ్ళిద్దరూ చిన్న కవరు విప్పి చూసుకున్నారు. వాళ్ళిద్దరిదీ సరైన జవాబు. కవర్లో ఉన్నది నాకు చూపించలేదు. ఇంకా సమయం ఉంది, నిదానంగా చూడండి అని వెళ్ళిపోయారు.

ఒక్కణ్ణీ కూర్చున్నాను. కళ్ళు మసకేస్తే కళ్ళజోడు తీసి తుడిచి బొమ్మ పక్కన పెట్టాను. టేబుల్ మీద రెండు సున్నాలు, కాగితం మీద రెండు సున్నాలు. తల ఎత్తి ఫైళ్ళ దొంతర వంక చూశాను. మళ్ళీ కాగితం వంక చూశాను. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నా చీటీ అలాగే వదిలేస్తే ఫైలు మూతపడేది, అడిగేవాడు లేడు. నాకు జవాబు తెలిసిందని రాస్తే, ఎలా తెలిసిందో కూడా ఒప్పుకున్నట్టే.

ఒప్పుకుంటున్నాను. పరుపుల దుకాణం కొట్టేసి, కార్యాలయం మూయకముందే "శిలాజం" అని రాశాను. మూడు చీటీలూ ఒకే మాట. నన్ను ఎన్నడూ చూడని పిల్ల గీస్తే నన్ను నేను గుర్తుపట్టాను. దీన్ని సంకేతం అనడానికి నాకు నోరు రావడం లేదు.

మీ జట్టు తుది పోటీలో ఆడుతుంది. తలుపు నేనే తీస్తాను. పిచ్చుకతో చెప్పండి, ముల్లు బాగా కుదిరిందని.

ఇట్లు,
ఫైళ్ళ తాతయ్య

తా.క. బొమ్మ తిరిగి పంపమని అడగకండి. ఫైలు చేశాను. పద్ధతి ప్రకారం పైన పెట్టాలి గాని, దాని చోటు అడుగునే అనిపించింది. ఇన్నేళ్ళలో మొదటిసారి దొంతర మొత్తం ఎత్తి కింద పెట్టాను. ఇంకో రెండు కళ్ళజోళ్ళు దొరికాయి.