అడుగు చూసి కొన్న రౌటరు

నరసరావుపేట

నాయనా షాకిర్‌కు సలాం. మీ ఖాలా అబిదా గుండె చేత్తో పట్టుకుని రాస్తున్నది.

ఫోన్లో చెబుదామంటే రెండో మాటకే తెగిపోతోంది. మా అమ్మాయి ఆసియా ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెబుతుంది గదా! కోడలు అదే నెట్టు మీద టీవీలో సీరియల్ పెట్టిందంటే చాలు, ఇక్కడ ఆసియా బొమ్మ నోరు తెరిచి ఆగిపోతుంది. నెలాఖరున పెద్ద సారు క్లాసు చూస్తాడట. ఆరోజు ఆగితే ఉద్యోగం పోతుంది.

నువ్వు రౌటరు మార్చి కష్టం ఫర్మువేరు వేయమన్నావంట. బిడ్డ ఇప్పటికే కష్టంలో ఉంది. సుఖం ఫర్మువేరు దొరకదా?

మీ అమ్మకు అక్కనే గాని ధైర్యంలో చెల్లెల్ని,
అబిదా

తా.క.: చవకది చెప్పు. మరీ చవకదైతే పేలుద్దేమో, అది కూడా చెప్పు.

---

హైదరాబాద్

ఖాలాకు సలాములు.

కష్టం కాదు ఖాలా, కస్టమ్! కంపెనీ తొడిగిన చొక్కా విప్పేసి మన కొలతకు కుట్టింది తొడగడం. అంటే రౌటరు లోపలి ప్రోగ్రాము మారుస్తాం. అప్పుడు సీరియల్ ఎంత లాగినా క్లాసు వాటా క్లాసుకే.

కొత్తది అక్కర్లేదు. అలీ సాహెబ్ రిపేరు కొట్లో పాతవి ఉంటాయి. ఈ కాగితం వెనక రాసిన నంబరుది అడుగు. ఫ్లాష్ పదహారు ఉండాలి. ముఖ్యంగా వి4, అంటే నాలుగో వెర్షన్, కావాలి. వి5 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, లోపల వేరు. దాంట్లో మన ఫైలు ఎక్కిస్తే చచ్చి ఇటుక అయిపోతుంది.

మీ షాకిర్

తా.క.: భయపడకు. ఈ పనిలో నాది పదేళ్ళ అనుభవం.

---

నరసరావుపేట

షాకిర్, దువా.

ఇటుక అవుద్దని రాసి, కింద భయపడకు అంటావేంది? ఇంట్లో ఉన్న రౌటరుకు నిన్న ఎర్ర లైటు వెలిగింది. అచ్చం ఇటుక రంగు! పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టాను. పక్కింటి రామలక్ష్మి వదినకు చెప్పుకుని ఏడిస్తే, "అయితే అయింది గానీ అబిదా, నాలుగు తెప్పించు, బాత్రూం గోడ ఆగిపోయింది" అంది.

అలీ సాహెబ్ ఒకటి తీశాడు. ఫ్లాష్ పదహారన్నావు గదా, కరెంటు పెట్టించి ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టాను. ఇరవై దాటినా ఆగలేదు.

"ఆపా, అది మెరుపు కాదు, లోపల చోటు. పదహారే ఉంది. డబ్బా మీద వి4 అని కూడా ఉంది, చూడు" అన్నాడు.

"డబ్బా మాట నాకొద్దు భాయ్. బిందె కొన్నా గిన్నె కొన్నా బోర్లించి అడుగు చూడందే నేను కొనను."

బోర్లించాడు. అడుగున ఆవగింజంత అక్షరాల్లో వి5! అలీ సాహెబ్ నాలుక కరుచుకున్నాడు. రెండోది బోర్లించాం, అదీ ఐదే. మూడోదాని అడుగున వి4. దాన్ని కొంగులో కట్టుకుని వచ్చాను.

అబిదా

తా.క.: దాని మీద వేలితో కొట్టి చూశాను. చిల్లు లేదు.

---

హైదరాబాద్

ఖాలా,

ఆసియాకు ఫైలు పంపాను. ఎక్కేటప్పుడు ఐదు నిమిషాలు కరెంటు పోకూడదు.

ఒక సంగతి, ఎవరికీ చెప్పొద్దు. నేనూ అదే నంబరుది తెప్పించాను. డబ్బా మీద వి4 చూసి ఫైలు ఎక్కించేశాను. బోర్లించలేదు.

బల్ల మీద ఇటుక ఉంది.

మీ షాకిర్

తా.క.: అలీ సాహెబ్ దగ్గర ఇంకో వి4 ఉంటే, అడుగు నువ్వే చూసి పంపు ఖాలా.

---

నరసరావుపేట

షాకిర్, వెయ్యి దువాలు!

మెయిన్ స్విచ్చి దగ్గర అప్పడాల కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఎవర్నీ రానివ్వలేదు. ఫైలు ఎక్కింది. నెలాఖరున పెద్ద సారు గంటసేపు చూశాడు. అవతల కావాలనే సీరియల్ పెట్టించాను, ఆసియా నోరు ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం నిలిచింది! ఇప్పుడు మన బజారులో ఎవరు రౌటరు కొన్నా ముందు నా దగ్గరికే తెచ్చి బోర్లిస్తున్నారు. నీకూ ఒకటి ఏరి పంపుతున్నాను.

పదేళ్ళ అనుభవం లేని
అబిదా

తా.క.: నీ ఇటుక పారేయకు. రామలక్ష్మి వదిన ఇంకో మూడు ఎప్పుడు చేస్తావని అడుగుతోంది.