ఎడమవైపు తిరగని బాబామియా

పాలకుర్తి, మంగళవారం

చెల్లెలు అర్షియాకు సఫియా ఆపా దువా.

నడుంనొప్పి మాత్రలతో మా ఆయనకు, అదే మీ దుల్హాభాయ్‌కు కడుపు బిగుసుకుపోయి అయిదు రోజులైంది. అన్నం ముట్టడు. నామీద అరవడం మాత్రం మానలేదు. డాక్టర్ పరీక్ష చేసి, ఎనిమా సీసా ఇచ్చి ఇంట్లోనే పెట్టమన్నాడు. ఎల్లుండికీ విరేచనం కాకపోతే దవాఖానలో చేర్చాలట. నాకు భయంగా ఉంది. నర్సువి కదా, ఎట్లా పెట్టాలో రాయి. ఫోన్ చేద్దామంటే, "బజారంత చెప్తవా ఏంది?" అని ఎదురుగానే కూర్చుంటున్నాడు. రోజూ జనగామ వచ్చే ఓదెమ్మ చేతికి చీటీ ఇస్తున్నాను.

నీ ఆపా

తా.క.: సీసాను దిండు కింద దాచాడు. దొరికింది.

జనగామ, మంగళవారం సాయంత్రం

ఆపాకు సలాం.

భయపడకు. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచు. ఎడమవైపు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టవైపు మడవమను. సీసా మూతికి వాజిలీన్ రాసి మెల్లగా పెట్టి, మందు నెమ్మదిగా పిండు. బలవంతం వద్దు. నొప్పన్నా, రక్తం కనిపించినా ఆపేసి డాక్టర్‌కు చెప్పు. ఒక్క సీసాయే, రెండోది వద్దు.

అర్షియా

తా.క.: బకెట్, పాత దుప్పటి ముందే పెట్టుకో. తలుపు మూయి.

పాలకుర్తి, బుధవారం

అర్షియాకు దువా.

ఎడమ దగ్గరే ఆగిపోయాం. కుడివైపే పడుకోవాలని వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పిందట. "ముప్పై ఏండ్లు బస్సు నడిపిన, ఒక్కనాడన్న ఎడమకు తిరిగి పండలే. గిప్పుడెట్ల పంట?" అంటాడు. నేనూ తెలివి చూపించాను. మంచాన్ని అటుది ఇటు తిప్పేశాను. తల ఉన్నచోటికి కాళ్లొచ్చాయి గానీ ఆయన మళ్లీ కుడివైపే ఉన్నాడు. ఏం చేయను?

నీ పరేషాన్ ఆపా

తా.క.: తిప్పింది ఆయన మంచం మీద ఉండగానే. "హారన్ కొట్టకుంట రివర్సు తీస్తవా?" అని తిట్టాడు.

జనగామ, బుధవారం సాయంత్రం

ఆపాకు సలాం.

నిద్రపోయేటప్పుడు కుడివైపే పడుకొమ్మను. ఇది పది నిమిషాల వైద్యం. పేగు చివరి వంపు ఎడమన ఉంటుంది, అటు తిరిగితే మందు సాఫీగా పోతుంది. ముప్పై ఏళ్లు రోడ్డుకు ఏ పక్క నడిపాడో అడుగు.

అర్షియా

తా.క.: ఆయన అరిచినా నీ చెయ్యి మెల్లగానే ఉండాలి.

పాలకుర్తి, గురువారం

మరదలు అర్షియాకు బాబామియా దువా.

ఈసారి కలం నేనే పట్టాను. నీ చీటీ విన్నాక, బస్సు నడిపింది ఎడమపక్కనే కదా అని ఎడమకు తిరిగాను. మీ ఆపా భయపడుతూనే పెట్టింది గానీ నాకు నొప్పి తెలియలేదు. "నొస్తుందా? జర ఆగాల్నా?" అని పదిసార్లు అడిగింది. కాసేపటికి నా కష్టం తీరింది. ఆ సుఖం ఏమని రాయను!

తర్వాత ఆమె దుప్పటి ఉతుకుతుంటే చూసి, "సఫియా, షుక్రియా" అన్నాను. ఆమెకు నేను థ్యాంక్స్ చెప్పడం పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆమె దుప్పటి వదిలేసి పరుగెత్తుకొచ్చి, నా నుదురు పట్టి చూసి, "ఈయనకేమో అయింది!" అని డాక్టర్‌ను పిలిపించింది. ఆయన చూసి, నవ్వి వెళ్లిపోయాడు.

నీ దుల్హాభాయ్

తా.క.: డాక్టర్ చెప్పినా ఆమె నమ్మడం లేదు. అది జబ్బు కాదని నువ్వయినా ఒక చీటీ రాయి.