తనిఖీ నాటి ధూపం

పాఠశాలల గాలి తనిఖీ అధికారి గారి సముఖమునకు, రిమాల్ పేట నివాసి, సుంకం శాఖలో గుమాస్తాగా చేసి విశ్రాంతిలో ఉన్న గానిమ్ బిన్ ఫల్లాహ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పేట బాలవాడికి తనిఖీకి వస్తే ఇకమీదట చెప్పకుండా రావాలనీ, చెప్పే వచ్చేటట్టయితే అసలు రావద్దనీ కోరడం గురించి.

1. నా మనవరాలు మౌదీకి ఆరేళ్లు, ఉబ్బసం. సదరు బాలవాడిలో ఇసుక రాకూడదని కిటికీలన్నిటికీ టేపు అంటించి బిగించారు. ఇసుక తలుపు సందుల్లోంచి తన దారిన తాను వస్తూనే ఉంది. వచ్చినది బయటికి పోయే వీలు మాత్రం లేదు. ఏసీ ఫిల్టర్లు కొన్ననాటి నుంచి కడిగిన దాఖలా లేదు. మీట నొక్కితే పిల్లల నెత్తిన పిండి జల్లించినట్టు దుమ్ము రాలుతుంది.

2. ఈ సంగతి లోగడ తమకు విన్నవించగా, తమరు దయతో ఒక తనిఖీదారుని పంపారు. పంపుతున్నట్టు ముందుగా బడికి ఉత్తరం కూడా రాశారు. కొంప మునిగింది అక్కడే.

3. అతిథి వస్తున్నాడంటే మనవాళ్లు ఊరుకుంటారా? ప్రిన్సిపాల్ నూరియా గారు ప్రతి గదిలో ధూపపాత్ర పెట్టించి ఊద్ చెక్క దండిగా కాల్పించారు. సువాసన పోకూడదని తలుపులు మూయించారు. తనిఖీదారు ఖర్జూరాలు తిని, ఏలకుల కాఫీ తాగి, తలగుడ్డ అంచులెత్తి గడ్డం కింద హాయిగా పొగ పట్టించుకున్నారు. గాలి కొలిచే యంత్రం ఆగకుండా మోగుతుంటే, "మర్యాద జరుగుతుంటే మధ్యలో దీని గోలేంటి" అని దాన్ని ఆపి జేబులో వేసుకున్నారని అక్కడి ఆయా చెప్పింది. పోతూ పోతూ "గాలి శ్రేష్ఠము, పరిమళభరితము" అని రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పుడు అద్దాల చట్రంలో గుమ్మం మీద వేలాడుతోంది.

4. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చిన మౌదీ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు పట్టించారు. ఊపిరి కుదుటపడ్డాక, దగ్గొస్తుంటే టీచరుకు చెప్పవచ్చు కదమ్మా అన్నాను.

"రానివ్వలేదు తాతా. గెస్టు ముందు దగ్గితే తప్పంట. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నా. టీచర్ నాకు స్టార్ ఇచ్చింది."

ఆ స్టార్ నుదుటి మీద అంటుకునే ఉంది. దాన్ని తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలిసీ రాస్తున్నాను.

5. మర్నాడు వెళ్లి ప్రిన్సిపాల్ గారిని నిలదీశాను. పేటలో అందరిలాగే ఆవిడా నన్ను మా అబ్బాయి పేరు మీద అబూ తుర్కీ అంటారు.

"గుమ్మంలోకొచ్చిన మనిషిని ధూపం చూపించకుండా పంపిస్తామా, అబూ తుర్కీ? మీ ఇంట్లో అయితే పంపిస్తారా?"

"పంపించను."

"మరింకేం? కూర్చోండి, కాఫీ తాగండి."

తాగి వచ్చాను. సిగ్గుగానే ఉంది.

6. తమ కార్యాలయంలో విచారించగా, శ్రేష్ఠమైన గాలి మీద ఫిర్యాదు చెల్లదన్నారు. బడి వారం మొదలయ్యే ఆదివారం నుంచి పిల్లను పంపకపోతే సీటు తీసేస్తామని బడివారు అంటున్నారు. దగ్గర్లో వేరే బాలవాడి లేదు.

కావున ఫిల్టర్లు కడిగించి, సదరు శ్రేష్ఠాన్ని రద్దు చేసి, ఒక మామూలు రోజున ఎవరికీ తెలియకుండా మళ్లీ తనిఖీ చేయించి, పిల్లకు ఊపిరాడే గది ఇప్పించే విషయం చిత్తగించవలెను.

ఓపిక ఉన్నంతవరకు తమ విధేయుడు,
గానిమ్ బిన్ ఫల్లాహ్

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగా బడి నుంచి కబురొచ్చింది. ఆదివారం తమరే స్వయంగా దయచేస్తున్నారట. ప్రతి ఇంటి నుంచీ కాస్త మేలురకం ఊద్ పంపమన్నారు. మా ఆవిడ అప్పుడే అలమర వెతుకుతోంది. నేను మౌదీని లోపలికి పంపను. గేటు బయట నా కారులో కూర్చోబెడతాను. తమరు లోపలికెళ్లే ముందు ఒక్క నిమిషం ఆగి, పిల్ల వీపుకు చెవి ఆనించి వినండి. విన్నాక కూడా శ్రేష్ఠమని రాయగలిగితే అక్కడే రాయండి. రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూస్తాను.